సాద్ అల్-షాజ్లీ

సాద్ అల్-షాజ్లీ (1922 ఏప్రిల్ 1 - 2011 ఫిబ్రవరి 10) ఈజిప్టు దేశానికి చెందిన ప్రముఖ సేనాని. ఈయన పూర్తి పేరు సాద్ అల్-దీన్ ముహమ్మద్ అల్-హుసేనీ అల్-షాజ్లీ. 1971 మే నుండి 1973 డిసెంబరు వరకు ఈజిప్టు సాయుధ దళాల చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా పనిచేశాడు. 1973 అక్టోబరు యుద్ధంలో ఈజిప్టు సేనలు సూయజ్ కాలువను దాటి, తూర్పు గట్టున ఇజ్రాయిల్ నిర్మించుకున్న బార్ లెవ్ రక్షణ శ్రేణిని ఛేదించాయి. ఆ చర్యకు ప్రణాళిక రూపొందించి అమలుపరచిన వారిలో షాజ్లీ ముఖ్యుడు. అదే యుద్ధపు రెండవ వారంలో తీసుకున్న నిర్ణయాలపై అధ్యక్షుడు అన్వర్ సాదత్‌తో విభేదించి పదవిని కోల్పోయాడు. తరువాత తన యుద్ధ జ్ఞాపకాలను ప్రచురించినందుకు స్వదేశంలోనే శిక్షకు గురయ్యాడు. పద్నాలుగేళ్ళు ప్రవాసంలోను, కొంతకాలం కారాగారంలోను గడిపాడు. హోస్నీ ముబారక్ పాలన ముగిసేవరకు ఈజిప్టు అధికారిక యుద్ధ చరిత్రలో ఈయనకు తగిన స్థానం లభించలేదు.

బాల్యం, సైనిక శిక్షణ

షాజ్లీ నైలు నది డెల్టా ప్రాంతంలోని ఘర్బియా రాష్ట్రంలో షుబ్రాతనా అనే గ్రామంలో జన్మించాడు. కైరోలోని సైనిక కళాశాలలో శిక్షణ పొంది 1940లో పదాతిదళ అధికారిగా బయటకు వచ్చాడు. అప్పటికి ఈజిప్టు రాజరిక పాలనలో ఉండేది. బ్రిటిషు సేనలు దేశంలోనే తిష్ఠవేసి ఉండేవి. షాజ్లీ కొంతకాలం రాజరక్షక దళంలో పనిచేశాడు. 1948 అరబ్-ఇజ్రాయిల్ యుద్ధంలో పాల్గొన్నాడు.

1952లో గమాల్ అబ్దుల్ నాసర్ తదితర సైనికాధికారులు రాజరికాన్ని కూలదోసిన తరువాత సైన్యంలో కొత్త విభాగాలు ఏర్పడసాగాయి. వాటిలో ఒకటైన పారాచూట్ దళం రూపుదిద్దుకోవటంలో షాజ్లీ కీలక పాత్ర వహించాడు. ఈజిప్టు మొదటి పారాచూట్ బెటాలియనుకు నాయకత్వం వహించింది ఈయనే. సైనికులతో పాటు తానూ విమానం నుండి దూకి, వారితో కలిసి కవాతు చేసే అధికారిగా పేరు పొందాడు. అధికారి తన సైనికునికి కనిపించాలి, వాని కష్టం తెలుసుకోవాలి అన్నది చివరివరకు ఈయన పాటించిన పద్ధతి.

కాంగో, లండన్, యెమెన్

1960లో బెల్జియం నుండి స్వాతంత్ర్యం పొందిన కాంగోలో అంతర్యుద్ధం చెలరేగినపుడు ఐక్యరాజ్య సమితి శాంతి సేనను పంపింది. అందులో ఈజిప్టు తరఫున వెళ్ళిన దళానికి షాజ్లీ నాయకుడు. అక్కడికి సైనిక ప్రతినిధి వర్గంతో వచ్చిన పై అధికారి అహ్మద్ ఇస్మాయిల్ అలీతో ఈయనకు తీవ్రమైన ఘర్షణ జరిగింది. ఆనాటి వైరం ఇద్దరి మధ్యా చివరివరకు సమసిపోలేదు. పన్నెండేళ్ళ తరువాత వీరిద్దరే ఒకరు యుద్ధమంత్రిగా, మరొకరు చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా ఒకే యుద్ధాన్ని నడపవలసి వచ్చింది.

కాంగో నుండి తిరిగివచ్చిన పిదప 1961 నుండి 1963 వరకు లండన్‌లోని ఈజిప్టు రాయబార కార్యాలయంలో సైనిక ప్రతినిధిగా ఉన్నాడు. 1965-66లో యెమెన్ అంతర్యుద్ధంలో పాల్గొన్న ఈజిప్టు సేనలలో ఒక బ్రిగేడుకు నాయకత్వం వహించాడు.

1967 యుద్ధం

1967 జూన్ 5న ఇజ్రాయిల్ వైమానిక దళం ఈజిప్టు విమానాలలో అధిక భాగాన్ని నేలమీదనే ధ్వంసం చేసింది. దానితో సినాయ్ ద్వీపకల్పంలో ఉన్న ఈజిప్టు సేనలకు ఆకాశం నుండి రక్షణ లేకుండా పోయింది. ఆ సమయంలో షాజ్లీ సుమారు 1,500 మంది సైనికులున్న ఒక మిశ్రమ దళానికి అధిపతి. పై అధికారులతో సంబంధాలు తెగిపోగా, ఈయన తన దళాన్ని వెనుకకు మళ్ళించలేదు. సరిహద్దు దాటి ఇజ్రాయిల్ భూభాగంలోనికి కొన్ని కిలోమీటర్లు తీసుకువెళ్ళి, కొండల నడుమ నిలిపి ఉంచాడు. శత్రువు విమానాలు అక్కడ తమ కోసం వెదకవన్నది ఈయన అంచనా.

ఉపసంహరణ ఆదేశం అందిన తరువాత, అప్పటికే శత్రువు వశమైన సినాయ్ ఎడారి గుండా ప్రయాణం చేసి సూయజ్ కాలువ పశ్చిమ గట్టుకు చేరుకున్నాడు. ఇతర దళాలు చెల్లాచెదురై వేల సంఖ్యలో ప్రాణాలు కోల్పోయిన ఆ పరాజయంలో, క్రమశిక్షణ చెడకుండా తిరిగివచ్చిన బహుకొద్ది దళాలలో షాజ్లీ దళం ఒకటి. ఈ సంఘటనతో సైన్యంలో ఈయన కీర్తి పెరిగింది. యుద్ధానంతరం ప్రత్యేక దళాల అధిపతిగా నియమితుడయ్యాడు. ఎర్ర సముద్ర తీరంలో ఇజ్రాయిల్ దాడులు తరచుగా జరుగుతుండటంతో 1970లో ఆ ప్రాంతపు సేనాధిపత్యాన్ని ఈయనకు అప్పగించారు.

చీఫ్ ఆఫ్ స్టాఫ్

1970 సెప్టెంబరులో నాసర్ మరణించగా అన్వర్ సాదత్ అధ్యక్షుడయ్యాడు. 1971 మే నెలలో తన రాజకీయ ప్రత్యర్థులను తొలగించిన సాదత్, మే 16న షాజ్లీని చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా నియమించాడు. పలువురు సీనియర్ అధికారులను దాటి ఈ నియామకం జరిగింది. అరబ్ లీగ్‌లో సైనిక వ్యవహారాల సహాయ ప్రధాన కార్యదర్శి బాధ్యత కూడా ఈయనకే దక్కింది. ఆ హోదాలో అరబ్ దేశాలు పర్యటించి సైనిక సహాయం కోరాడు. ఇరాక్, అల్జీరియా మొదలైన దేశాల దళాలు యుద్ధంలో పాల్గొనటానికి ఈ పర్యటనలు దోహదం చేశాయి.

పదవి చేపట్టిన షాజ్లీ మొదట చేసిన పని తన సైన్యపు బలహీనతలను లెక్కవేయటం. ఇజ్రాయిల్ వైమానిక దళంతో సమానంగా పోరాడగల శక్తి ఈజిప్టుకు లేదని, సినాయ్ మొత్తాన్ని విముక్తం చేసే యుద్ధం సాధ్యపడదని ఈయన నిర్ధారణకు వచ్చాడు. ఈజిప్టుకు ఉన్న బలం కాలువ పశ్చిమ గట్టున అమర్చిన సోవియట్ విమాన విధ్వంసక క్షిపణులు. అవి కాలువకు తూర్పున కొద్ది దూరం వరకు మాత్రమే ఆకాశాన్ని కాపాడగలవు. కనుక ఆ క్షిపణుల నీడలో కాలువను దాటి, 10 నుండి 12 కిలోమీటర్ల లోతున ఒక పట్టీని ఆక్రమించి, అక్కడ నిలదొక్కుకోవాలి. ఎదురుదాడికి వచ్చే శత్రువుకు అక్కడే నష్టం కలిగించాలి. ఈ పరిమిత ప్రణాళికకు 'ఎత్తైన మీనార్లు' అని పేరు పెట్టారు. సుదీర్ఘ యుద్ధాన్ని, అధిక ప్రాణనష్టాన్ని ఇజ్రాయిల్ వంటి చిన్న దేశం భరించలేదన్నది దీని వెనుక ఉన్న ఆలోచన.

1972 అక్టోబరులో సాదత్ యుద్ధమంత్రి ముహమ్మద్ సాదిక్‌ను తొలగించి అహ్మద్ ఇస్మాయిల్ అలీని ఆ స్థానంలో నియమించాడు. కాంగో నాటి వైరం కారణంగా షాజ్లీ అభ్యంతరం తెలిపినా, తరువాత బాధ్యతలలో కొనసాగటానికి అంగీకరించాడు.

కాలువ - ఇసుక కట్ట

సూయజ్ కాలువ అప్పట్లో సుమారు 180 నుండి 200 మీటర్ల వెడల్పు ఉండేది. తూర్పు గట్టు పొడవునా ఇజ్రాయిల్ సైన్యం ఇసుకతో పెద్ద కట్ట పోసింది. కొన్నిచోట్ల దాని ఎత్తు 20 మీటర్ల వరకు ఉండేది. ఆ కట్ట వెంబడి నిర్మించిన కోటల వరుసకు నాటి ఇజ్రాయిల్ చీఫ్ ఆఫ్ స్టాఫ్ హయీమ్ బార్ లెవ్ పేరు వచ్చింది. పదాతి సైనికులు పడవలలో దాటి కట్టనెక్కగలరు. ట్యాంకులు మాత్రం ఎక్కలేవు. కట్టలో దారులు తెరిచి వంతెనలు వేసేవరకు పదాతిదళం ఒంటరిగా శత్రువు ట్యాంకులను ఎదుర్కొనవలసి ఉంటుంది.

పేలుడు పదార్థాలతో, బుల్డోజర్లతో కట్టను తెరవటానికి చాలా గంటలు పట్టేది. ఈ సమస్యకు పరిష్కారం చూపినవాడు బాకీ జకీ యూసఫ్ అనే యువ ఇంజనీరు అధికారి. అస్వాన్ పెద్ద ఆనకట్ట నిర్మాణంలో ఇసుకను నీటి ధారతో తొలగించటం చూసిన అనుభవం ఆయనకు ఉంది. కాలువ నీటినే పంపులతో తోడి బలమైన ధారగా కట్టపై చిమ్మితే ఇసుక కరిగి కాలువలోనికి జారుతుంది. ప్రయోగాలు ఫలించగా బ్రిటన్, జర్మనీల నుండి పంపులను తెప్పించారు. ఒక్కొక్క దారికి సుమారు 1,500 ఘనపు మీటర్ల ఇసుకను తొలగించవలసి ఉంటుంది. ఐదు పంపులతో ఆ పని రెండు గంటలలో పూర్తిచేయవచ్చునని తేలింది.

పదాతిదళం ట్యాంకుల అండ లేకుండా గడపవలసిన తొలి గంటల కోసం షాజ్లీ '41వ ఆదేశం' పేరుతో వివరమైన సూచనలు రూపొందించాడు. ఏ పడవలో ఎవరు కూర్చోవాలి, ఎవరు ఏ ఆయుధం మోయాలి, ఎంత నీరు, ఎంత మందుగుండు వెంట తీసుకోవాలి అన్న విషయాలు అందులో ఉన్నాయి. కట్ట ఎక్కటానికి తాడు నిచ్చెనలు, బరువైన సామగ్రిని చేతులతో లాగటానికి చిన్న బండ్లు సమకూర్చారు. భుజాన మోసుకుపోగల ట్యాంకు విధ్వంసక క్షిపణులను, రాకెట్లను తొలి వరుసలకే ఇచ్చారు. నైలు డెల్టాలోని కాలువలపై ఈ విన్యాసాన్ని అనేక పర్యాయాలు సాధన చేయించారు.

1973 అక్టోబరు 6

సిరియాతో కలిసి యుద్ధానికి దిగాలని నిర్ణయం జరిగింది. 1973 ఆగస్టులో అలెగ్జాండ్రియాలో ఇరుదేశాల సేనానులు రహస్యంగా సమావేశమయ్యారు. అక్టోబరు 6 మధ్యాహ్నం 2 గంటల ప్రాంతంలో దాడి మొదలైంది. అది ముస్లిములకు రంజాన్ మాసం పదవ రోజు, యూదులకు యోమ్ కిప్పుర్ పర్వదినం. రెండువందలకు పైగా విమానాలు సినాయ్‌లోని లక్ష్యాలపై దాడి చేశాయి. దాదాపు 2,000 ఫిరంగులు 53 నిముషాల పాటు తూర్పు గట్టుపై గుళ్ళు కురిపించాయి. ఆ పొగ చాటున మొదటి వరుస పదాతి సైనికులు రబ్బరు పడవలలో కాలువను దాటారు. తరువాతి వరుసలు నిర్ణీత వ్యవధిలో వారిని అనుసరించాయి.

రాత్రి వేళకు కట్టలో దారులు తెరుచుకొని, వంతెనలు నిలిచి, ట్యాంకులు దాటసాగాయి. షాజ్లీ తన జ్ఞాపకాలలో ఇచ్చిన లెక్క ప్రకారం మొదటి 24 గంటలలో సుమారు లక్షమంది సైనికులు, వెయ్యికి పైగా ట్యాంకులు తూర్పు గట్టుకు చేరాయి. ప్రాణనష్టం వేలలో ఉంటుందని ముందుగా భయపడినా మరణించినవారు 280 మంది అని ఆయన పేర్కొన్నాడు. అక్టోబరు 8న ఇజ్రాయిల్ ట్యాంకు దళాలు జరిపిన ఎదురుదాడి విఫలమైంది. అప్పటివరకు యుద్ధం షాజ్లీ ప్రణాళిక ప్రకారమే నడిచింది.

అక్టోబరు 14 - వివాదానికి మూలం

ఈ లోపు గోలన్ పీఠభూమిలో సిరియా సేనలను ఇజ్రాయిల్ వెనుకకు నెట్టి డమాస్కస్ దిశగా ముందుకు సాగింది. సిరియాపై ఒత్తిడి తగ్గించటానికి ఈజిప్టు సేనలు సినాయ్ కనుమల వైపు దాడి చేయాలని సాదత్ నిర్ణయించాడు. అక్టోబరు 12న యుద్ధమంత్రి ఇస్మాయిల్ ఈ ఆదేశాన్ని తెలియజేయగా షాజ్లీ వ్యతిరేకించాడు. క్షిపణుల రక్షణ దాటితే ట్యాంకులు శత్రు విమానాలకు ఆహారమవుతాయని వాదించాడు. రెండవ సైన్యాధిపతి సాద్ మామూన్, మూడవ సైన్యాధిపతి అబ్దుల్ మునిమ్ వాసిల్ కూడా అభ్యంతరం చెప్పారు. ఇది రాజకీయ నిర్ణయమని, అమలు చేయక తప్పదని సమాధానం వచ్చింది.

ఈ ఆదేశానికి ఒక పూర్వరంగం ఉంది. కాలువకు దగ్గరలోనే ఆగిపోయే ప్రణాళికను చూపితే సిరియా యుద్ధానికి అంగీకరించదన్న ఉద్దేశంతో, ఈజిప్టు సేనలు కనుమల వరకు వెళతాయని సిరియాకు తెలియజేశారు. అందుకోసం మరొక విస్తృత ప్రణాళికను కూడా సిద్ధం చేశారు. దానిని నిజంగా అమలు చేసే ఉద్దేశం లేదని, మిత్రదేశాన్ని అలా మభ్యపెట్టటం తనకు ఏవగింపు కలిగించిందని షాజ్లీ తరువాత వ్రాశాడు. ఆ పనిలో తానూ భాగస్వామినేనని దాచలేదు.

అక్టోబరు 14 ఉదయం జరిగిన దాడి కొద్ది గంటలలోనే విఫలమైంది. షాజ్లీ లెక్క ప్రకారం ఈజిప్టు 250 ట్యాంకులను కోల్పోయింది. రెండవ సైన్యాధిపతి మామూన్ ఆ రోజే గుండెపోటుకు గురయ్యాడు. అంతకంటె పెద్ద నష్టం మరొకటి జరిగింది. దాడి కోసం పశ్చిమ గట్టున నిలిపి ఉంచిన కవచ దళాలను తూర్పుకు తరలించటంతో వెనుక వైపు రక్షణ బలహీనపడింది.

దెఫ్రెస్వార్ చీలిక

అక్టోబరు 15 రాత్రి ఏరియల్ షరోన్ నాయకత్వంలోని ఇజ్రాయిల్ దళం రెండవ, మూడవ సైన్యాల మధ్య ఖాళీని ఉపయోగించుకొని దెఫ్రెస్వార్ వద్ద కాలువను పశ్చిమానికి దాటింది. తూర్పు గట్టు నుండి కొన్ని కవచ దళాలను వెనుకకు రప్పించి ఈ చొరబాటును అణచాలని షాజ్లీ ప్రతిపాదించాడు. ఒక్క దళాన్ని వెనుకకు తెచ్చినా 1967 నాటి పరాజయం సైనికులకు గుర్తుకు వస్తుందని, వారి ధైర్యం దెబ్బతింటుందని సాదత్ అంగీకరించలేదు. షాజ్లీ అక్టోబరు 18న ముందు వరుసకు వెళ్ళి, 20న తిరిగివచ్చి, నాలుగు కవచ బ్రిగేడులను పశ్చిమానికి రప్పించాలని మరల కోరాడు. ఆ రాత్రి సమావేశంలో సాదత్ ఈ ప్రతిపాదనను తిరస్కరించాడు.

ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి 338వ తీర్మానం ప్రకారం అక్టోబరు 22న కాల్పుల విరమణ ప్రకటించినా పోరు ఆగలేదు. 24వ తేదీకి ఇజ్రాయిల్ సేనలు సూయజ్ నగరం వరకు చేరి మూడవ సైన్యాన్ని చుట్టుముట్టాయి. నగరంలోనికి ప్రవేశించే యత్నాన్ని స్థానికులు, సైనికులు తిప్పికొట్టారు. కాని తూర్పు గట్టున వేలాది ఈజిప్టు సైనికులు ఆహారానికి, నీటికి శత్రువు అనుమతిపై ఆధారపడవలసిన స్థితి ఏర్పడింది.

తొలగింపు

1973 డిసెంబరులో షాజ్లీని పదవి నుండి తప్పించి అబ్దుల్ గనీ అల్-గమసీని నియమించారు. షాజ్లీని 1974లో బ్రిటన్‌కు, తరువాత పోర్చుగల్‌కు రాయబారిగా పంపారు. 1974లో యుద్ధ వీరులను సన్మానించిన సభకు ఈయనకు ఆహ్వానం అందలేదు.

సాదత్ 1978లో వెలువడిన తన ఆత్మకథలో, షాజ్లీ దెఫ్రెస్వార్ నుండి మానసికంగా కుంగిపోయి తిరిగివచ్చాడని, తూర్పు గట్టు నుండి ఉపసంహరణ కోరాడని వ్రాశాడు. షాజ్లీ దీనిని ఖండించాడు. తాను కోరింది కొన్ని దళాల తరలింపు మాత్రమేనని, అందుకు నిరాకరించటం వల్లనే మూడవ సైన్యం చిక్కుకుపోయిందని వాదించాడు. ఆ సమావేశంలో పాల్గొన్న గమసీ తన జ్ఞాపకాలలో భిన్నమైన అభిప్రాయం తెలిపాడు. దళాలను వెనుకకు రప్పించటాన్ని ఆయన సమర్థించలేదు. విజయవంతమైన దాటుడు తరువాత వెంటనే కనుమల వైపు సాగి ఉండవలసిందని కూడా ఆయన భావించాడు. అయినప్పటికీ షాజ్లీ కుంగిపోయి వచ్చాడన్న మాట నిజం కాదని స్పష్టం చేశాడు. వ్యూహం విషయంలో షాజ్లీతో ఏకీభవించని అధికారి ఇచ్చిన సాక్ష్యం కావటంతో చరిత్రకారులు దీనికి విలువ ఇస్తారు.

ప్రవాసం, శిక్ష

1978లో సాదత్ ఇజ్రాయిల్‌తో కుదుర్చుకుంటున్న కాంప్ డేవిడ్ ఒప్పందాన్ని షాజ్లీ బహిరంగంగా విమర్శించి, రాయబారి పదవిని వదిలివేసి అల్జీరియాలో ఆశ్రయం పొందాడు. అక్కడ తన యుద్ధ జ్ఞాపకాలను పూర్తిచేశాడు. 1980లో ఇవి ఆంగ్లంలో కూడా గ్రంథంగా వెలువడ్డాయి. ఆదేశాలు, సమావేశాలు, సంఖ్యలు, తేదీలు వరుసగా ఇస్తూ సాగే ఈ గ్రంథం అక్టోబరు యుద్ధాన్ని అధ్యయనం చేసేవారికి ముఖ్యమైన ఆధారాలలో ఒకటి. రచయిత స్వయంగా వివాదంలో ఒక పక్షం కావటంతో దీనిని ఇతర సేనానుల రచనలతో పోల్చి చదవవలసి ఉంటుంది.

1981 అక్టోబరు 6న, కాలువ దాటిన రోజు వార్షికోత్సవంగా జరుగుతున్న కవాతులోనే సాదత్ హత్యకు గురయ్యాడు. తరువాత అధ్యక్షుడైన హోస్నీ ముబారక్ 1973 యుద్ధంలో వైమానిక దళాధిపతి. ఆయన కాలంలో 1983లో సైనిక న్యాయస్థానం షాజ్లీ పరోక్షంలో విచారణ జరిపి మూడు సంవత్సరాల కఠిన కారాగార శిక్ష విధించింది. అనుమతి లేకుండా గ్రంథం ప్రచురించటం, సైనిక రహస్యాలు వెల్లడించటం అన్నవి అభియోగాలు. వీటిలో మొదటిదానిని షాజ్లీ అంగీకరించాడు. రెండవదానిని నిరాకరించాడు.

1992 మార్చిలో తన 69వ ఏట షాజ్లీ స్వదేశానికి తిరిగివచ్చాడు. కైరో విమానాశ్రయంలోనే అధికారులు నిర్బంధించి కారాగారానికి తరలించారు. 1993లో విడుదలైన తరువాత ఎక్కువగా ఇంటికే పరిమితమై చదువు, రచనలతో గడిపాడు. 1999లో అల్ జజీరా టెలివిజన్ ప్రసారం చేసిన సుదీర్ఘ ముఖాముఖీ ద్వారా కొత్త తరం అరబ్ ప్రేక్షకులు ఈయన కథనాన్ని ఈయన నోటనే విన్నారు.

అధికారిక చరిత్రలో స్థానం

ముబారక్ పాలనలో ప్రభుత్వం అక్టోబరు యుద్ధాన్ని ఏటా ఘనంగా స్మరించేది. ఆ స్మరణలో వైమానిక దాడికి, తద్వారా ముబారక్‌కు ప్రథమ స్థానం దక్కేది. యుద్ధ నిర్వహణ కేంద్రంలో సాదత్ పక్కన షాజ్లీ ఉన్న ఛాయాచిత్రాన్ని మార్చి, ఆ స్థానంలో ముబారక్‌ను చూపిన విషయం తరువాతి కాలంలో పత్రికలలో చర్చకు వచ్చింది. పాఠశాలలో యుద్ధాన్ని గురించి చదివిన విద్యార్థులకు చీఫ్ ఆఫ్ స్టాఫ్ ఎవరో తెలియని పరిస్థితి ఉండేది.

మరణం, పునఃస్మరణ

2011 జనవరి చివర కైరోలోని తహ్రీర్ చౌక్‌లో ముబారక్‌కు వ్యతిరేకంగా ప్రజా ఉద్యమం ఆరంభమైంది. ఉద్యమం పతాక స్థాయికి చేరిన సమయంలో, ఫిబ్రవరి 10న, షాజ్లీ తన 88వ ఏట కైరోలో మరణించాడు. మరునాడు శుక్రవారం ప్రార్థనల అనంతరం అంత్యక్రియలు జరిగాయి. అదే రోజు సాయంత్రం ముబారక్ అధ్యక్ష పదవి నుండి తప్పుకున్నాడు.

2012 అక్టోబరులో, యుద్ధ వార్షికోత్సవ సందర్భంగా, నాటి అధ్యక్షుడు ముహమ్మద్ ముర్సీ ఈజిప్టు అత్యున్నత పురస్కారమైన 'నైలు హారం' షాజ్లీకి మరణానంతరం ప్రకటించి కుటుంబ సభ్యులకు అందజేశాడు. తరువాత కైరో తూర్పు భాగంలోని ఒక ప్రధాన రహదారికి ఈయన పేరు పెట్టారు.

అక్టోబరు 14 దాడిని, దెఫ్రెస్వార్ నిర్ణయాలను గురించిన చర్చ నేటికీ ముగియలేదు. సిరియాను ఆదుకొనకపోతే కూటమి విచ్ఛిన్నమయ్యేదని, రాజకీయ లక్ష్యాల కోసమే యుద్ధం జరిగిందని సాదత్‌ను సమర్థించేవారు చెబుతారు. 1979 ఒప్పందం ద్వారా సినాయ్ ఈజిప్టుకు తిరిగి లభించిందని గుర్తుచేస్తారు. సైన్యం చేయగలిగినంతే దానిని కోరాలని, ఆ హద్దు దాటినందుకు మూల్యం చెల్లించింది మూడవ సైన్యపు సైనికులేనని షాజ్లీని సమర్థించేవారు అంటారు. కాలువ దాటిన ఘట్టంలో షాజ్లీ పాత్రను మాత్రం ఇప్పుడు ఇరుపక్షాల వారూ అంగీకరిస్తున్నారు.